సౌండ్ సిస్టమ్ సందేహాలు: యాంప్లిఫయర్ మార్చే ముందు లైను విప్పి చూడండి

ప్రశ్న: కొత్తపేటలో మాకు ఫంక్షన్ హాలు ఉంది. భోజనాల హాల్లో సీలింగుకు బిగించిన 20 స్పీకర్లు, ఒక్కొక్కటి 6 వాట్ల ట్యాపు (స్పీకరు ఎన్ని వాట్లు తీసుకోవాలో ఎంచుకునే కొన) మీద, 250 వాట్ల యాంప్లిఫయర్‌తో ఏళ్ల తరబడి బాగా పనిచేశాయి. ఈమధ్య మా ఎలక్ట్రీషియన్ గేటు దగ్గర రెండు బాక్సు స్పీకర్లు పెట్టి, వాటిని కూడా అదే లైనుకు కలిపాడు. అప్పటి నుంచి గేటు దగ్గర బాక్సులు హోరెత్తుతుంటే లోపలి స్పీకర్లు నీరసంగా వినిపిస్తున్నాయి. సన్నాయి కాస్త పెంచగానే ప్రొటెక్ట్ లైటు వెలిగి మొత్తం ఆగిపోతోంది. యాంప్లిఫయర్‌కు శక్తి చాలడం లేదని, 500 వాట్లది తీసుకోవాలని దుకాణంలో చెబుతున్నారు. తీసుకోమంటారా?
(ఒక పాఠకుడు, కొత్తపేట)

జవాబు: తీసుకోవద్దు. ఇప్పుడున్న యాంప్లిఫయర్ తనను తాను కాపాడుకుంటోంది. కొత్త బాక్సులు హోరెత్తడం, పాత స్పీకర్లు నీరసించడం ఒకేసారి మొదలయ్యాయంటే, ఆ బాక్సులలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (లైను వోల్టేజిని స్పీకరుకు తగినంతగా తగ్గించేది) లేదని దాదాపుగా తేలిపోయినట్లే. వెనక అంటించిన చీటీ చదివితే వాట్ల ట్యాపులకు బదులు ‘8 ఓమ్‌లు’ అని మాత్రమే కనిపిస్తుంది.

మీది 100 వోల్టుల లైను, అంటే యాంప్లిఫయర్ పూర్తి శక్తితో నడిచేటప్పుడు లైనులో 100 వోల్టులు ఉంటాయి. 250 వాట్ల యాంప్లిఫయర్ ఈ లైనుకు గరిష్ఠంగా రెండున్నర ఆంపియర్ల కరెంటు ఇస్తుంది, అంటే లైను మొత్తం మీద నిరోధం 40 ఓమ్‌లకు తగ్గకూడదు. మీ 20 సీలింగ్ స్పీకర్లు కలిసి 120 వాట్లు, సుమారు 83 ఓమ్‌లు కనుక అంతవరకు నిశ్చింతే. అయితే 8 ఓమ్‌ల బాక్సులు రెండు సమాంతరంగా కలిస్తే 4 ఓమ్‌లే అవుతాయి. లైనులో ఇంకా 20 వోల్టులే ఉన్నప్పుడు కూడా ఆ రెండింటికే 5 ఆంపియర్లు కావాలి. అప్పటికి ఒక్కో బాక్సు 50 వాట్లు లాగేస్తుంటే, సీలింగ్ స్పీకరుకు పావు వాటు కూడా అందదు. ఇక 500 వాట్ల యాంప్లిఫయర్ తెచ్చినా 20 ఓమ్‌ల కంటే తక్కువ భారాన్ని మోయలేదు. అదీ ఇలాగే ఆగిపోతుంది, లేదా ఆగేలోపు బాక్సుల కాయిళ్లను కాల్చేస్తుంది. దీపాల తోరణం కట్టినంత సులువుగా స్పీకరు వైర్లు కూడా కలిపేసే అలవాటు మన ఫంక్షన్ హాళ్లలో బాగా ఉంది. లైటుకు చెల్లిన పద్ధతి ఇక్కడ చెల్లదు.

నిర్ధారించుకోవడానికి ముందుగా యాంప్లిఫయర్ స్విచ్ ఆపండి, ఎందుకంటే పాట నడుస్తుండగా 100 వోల్టుల టెర్మినళ్లను ముట్టుకుంటే షాకు కొడుతుంది. గేటు వైపు వైర్లను విప్పి, పాత లైను ఒక్కటే ఉంచి, మామూలు స్థాయిలో ఒక గంట నడిపించండి. లైటు వెలగకపోతే యాంప్లిఫయర్ బాగున్నట్లే. వెలిగితే పాత లైనును కూడా విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్పీకరు ఒకటే తగిలించి చూడండి. అప్పుడు నిలబడితే తప్పు పాత లైనులో ఉన్నట్లు. దాన్ని సగం దగ్గర ఉన్న జాయింటులో విడదీసి, ఏ సగం తగిలించినప్పుడు లైటు వెలుగుతోందో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ వెళితే నాలుగైదు విడతల్లో చెడిన చోటికి చేరుకుంటారు. వానాకాలంలోనే ఈ తంటా వస్తుంటే, టేపు మాత్రమే చుట్టి వదిలేసిన బయటి జాయింట్లను మొదట చూడండి.

బాక్సులు గేటు దగ్గర ఉండాల్సిందే అంటే, ఒక్కొక్కదానికి 100 వోల్టుల నుంచి 8 ఓమ్‌లకు మార్చే లైన్ ట్రాన్స్‌ఫార్మర్ బిగించి 30 వాట్ల ట్యాపు మీద పెట్టించండి. అప్పుడు మొత్తం 180 వాట్లవుతుంది. యాంప్లిఫయర్ సామర్థ్యంలో 80 శాతం దాటకుండా చూసుకోవాలన్న లెక్కలో అది సరిపోతుంది. ఇటువంటి ట్రాన్స్‌ఫార్మర్లు కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడవచ్చు.

ప్రశ్న: మా కోచింగ్ సెంటరులో లాప్‌టాప్ తగిలించగానే స్పీకర్లలో ‘గుంయ్’ మని ఒకటే మోత. ఛార్జరు తీస్తే ఆగిపోతోంది. ప్లగ్గు ఎర్తు పిన్ను తీసేస్తే పోతుందని ఒకరన్నారు.
(ఒక పాఠకురాలు, తార్నాక)

జవాబు: ఆ పిన్ను ప్రాణరక్షణ కోసం ఉంది, దాని జోలికి పోవద్దు. యాంప్లిఫయర్, ఛార్జరు వేర్వేరు ప్లగ్గుల ద్వారా ఎర్తుకు కలిసి, మధ్యలో ఆడియో వైరు కూడా వాటిని కలపడంతో ఒక చుట్టు ఏర్పడి, కరెంటులోని 50 హెర్ట్‌జ్ మోత అందులోకి చేరుతోంది. రెండింటినీ ఒకే పవర్ బోర్డు మీద పెట్టి చూడండి. తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపుల తీగలు నేరుగా కలవకుండా శబ్దాన్ని మాత్రం దాటించేది) పెట్టించండి. ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి, వాల్యూమ్ సున్నాకు తెచ్చినా మోత ఆగకపోతే మాత్రం యాంప్లిఫయర్‌లో కరెంటు ఒడిదుడుకులను సరిచేసే ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. స్విచ్ ఆపాక కూడా వాటిలో ఛార్జి నిలిచి ఉంటుంది కనుక ఆ పని మెకానిక్కే చేయాలి.

ప్రశ్న: 8 ఓమ్‌ల స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే ఆరున్నర చూపుతోంది. కాలిపోయిందా?
(ఒక పాఠకుడు, మెహదీపట్నం)

జవాబు: లేదు, 8 ఓమ్‌లు అన్నది పాట నడిచేటప్పటి లెక్క. మీటరు చూపేది తీగ నిరోధమే కనుక అంకె కొంచెం తక్కువగానే వస్తుంది. కాయిలు తెగిపోతే మీటరు అసలు కదలదు. గరగర వినిపిస్తుంటే, కోనును (స్పీకరు ముందున్న గరాటు లాంటి పొరను) రెండు పక్కలా వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గీసుకుంటున్నట్లు తగిలితే కాయిలు రాసుకుంటోందని అర్థం, అప్పుడు కోను మార్పించుకోవాలి.