ట్రాన్స్‌ఫర్ కాగితం పెట్టే ముందు

శ్రీకాకుళం

అమ్మలూ,

"కాన్పుల డ్యూటీ మీద మనసు విరిగిపోయింది పెద్దమ్మా, ట్రాన్స్‌ఫర్ పెట్టేస్తాను" అన్నావు కదా మొన్న ఫోన్లో. పెట్టు, వద్దనను. అయితే విసుగు పని మీదా, పని చుట్టూ ఉన్నవాటి మీదా అన్నది ముందు తేల్చుకో.

నేను మందస కొండవైపు చేసినప్పుడు నాకూ ఇలాగే అయింది. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, డ్యూటీ దిగగానే రెండే ముక్కలు రాసేదాన్ని: ఈ రోజు దేనికి ప్రాణం విసిగింది, దేనికి బాగుంది. పదిహేను రోజులయ్యాక చూస్తే, విసిగిందన్న చోట ఒక్క కాన్పూ లేదు! కరెంటు పోతే టార్చి లేకపోవడం, ఇంజెక్షన్ కోసం వెతుకులాట, పెద్దాసుపత్రికి పంపిన కేసు గురించి అందరి ముందూ తిట్లు. ఇవే ఉన్నాయి.

మొదటి రెండూ నీ చేతిలోవే. బిడ్డ బయటపడిన నిమిషంలో తల్లికి రక్తం ఎక్కువ పోకుండా 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పడాలని నీకు తెలుసు. మందు ఫ్రిజ్‌లో ఉందో లేదో, సిరంజి ట్రేలో ఉందో లేదో డ్యూటీ ఎక్కగానే నువ్వే చూసుకో. ఆయమ్మ చూసిందిలే అనుకోకు. అన్నీ చేతికందేలా ఉన్న రోజు బిడ్డని తల్లి పొట్టమీద పడుకోబెట్టి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా తీరిగ్గా నిలబడగలవు. ఆ ఒకటి రెండు నిమిషాల కోసమే నేను ఇన్నేళ్లు చేశాను.

తిట్ల సంగతి వేరు. కేసు పంపేటప్పుడు టైము, బీపీ, కారణం రాసి ఒక కాపీ ఉంచుకో. డాక్టరుగారితో చెప్పాల్సింది ఆయన గదిలో విడిగా చెప్పు. అప్పటికీ మారకపోతే నువ్వు వెళ్లిపోవడం ఓటమేమీ కాదు.

ఇంకోటి. నెలనెలా 9వ తారీఖు గర్భిణుల పరీక్షల్లో నువ్వూ కూర్చో. అక్కడ చూసిన మనిషికే నువ్వు పురుడు పోసి, మూడో రోజు ఆశా వర్కరుతో కలిసి ఇంటికెళ్లి చూస్తే పని తీరే మారిపోతుంది. పేరు తెలియని మనిషికి చేసినట్టు ఉండదు. నేనలా వెళ్లిన ఒక సవర గిరిజనుల ఇంటివాళ్లు ఏటా జీడిపిక్కలు పంపేవాళ్లు. కాల్చి ఒలిచేసరికి చేతులు నల్లబడేవి, అయినా కొన్న పప్పు రుచించేది కాదు.

జీతం చిన్న విషయమని నేననను. కాంట్రాక్టులో ఉన్న పిల్లకి సేవాభావం గురించి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. శాలువాతో అద్దె తీరదు. దానికి యూనియన్‌లో చేరు, తోటివాళ్లతో కలిసి అడుగు. ఆ కోపాన్ని మాత్రం నొప్పులు పడుతున్న ఆడపిల్ల మీద చూపించకు. నేను ఒకసారి చూపించాను. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

పదిహేను రోజులు రాసి, ఆ పుస్తకం పట్టుకుని ఆదివారం రా. దాన్ని ముందు పెట్టుకుని అప్లికేషన్ ఇద్దరం కలిసే రాద్దాం.

నీ పెద్దమ్మ