గేట్‌వే విప్పే ముందు ఒక్క మాట, అమ్మడూ

అమ్మడూ,

నువ్వు లిడ్ల్ సూపర్‌మార్కెట్‌లో కొన్న ఆ జిగ్‌బీ గేట్‌వేని, అదే ఇంట్లో బల్బుల్ని, వాల్వుల్ని వైర్లు లేకుండా నడిపే డబ్బాని, విప్పి, కంపెనీ సాఫ్ట్‌వేర్ పక్కనపెట్టి వేరేది ఎక్కిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పిల్ల చెయ్యిదాటిపోయిందన్నట్టు చెప్పాడులే. నాకు మాత్రం ముందు భలే సంతోషమేసింది, ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. జర్మనీలో అద్దె ఇల్లు, బయట చలి, రేడియేటర్ వాల్వులన్నీ ఆ డబ్బాతోనే నడుస్తున్నాయట. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

రాత్రి ఆఫీసు నుంచి వచ్చి మొదలుపెట్టకు, శనివారం పొద్దున వెలుతురులో కూర్చో. గేట్‌వే లేకపోయినా వాల్వులు చేత్తో తిప్పితే పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకో. సోల్డరింగ్ చేసేటప్పుడు జుట్టు ముడేసుకో, కిటికీ తియ్యి, చలైతే స్వెటర్ వేసుకో కానీ ఆ పొగ పీల్చకు. చిన్నప్పుడు మన రిపేరు షాపులో స్టూలెక్కి, కరిగిన సోల్డర్‌ని పీల్చే నా డీసోల్డరింగ్ పంపుని టప్ టప్‌మని నొక్కుకుంటూ కూర్చునేదానివి, స్ప్రింగ్ పాడవుతుందని ఎంత అరిచినా వినేదానివి కాదు. ఇప్పుడైనా విను.

లోపల రియల్‌టెక్ ఆర్‌టీఎల్ 8196ఈ చిప్, 32 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) ఉంటాయి. బోర్డు మీద జే1 అని ఆరు రంధ్రాల వరస కనపడుతుంది. మొదటిది 3.3 వోల్టులు, దాని జోలికి పోకు, బోర్డుకి కరెంటు దాని అడాప్టరే ఇస్తుంది. రెండోది గ్రౌండ్, మూడు నాలుగు సీరియల్ టీఎక్స్ (బోర్డు పంపేది), ఆర్‌ఎక్స్ (బోర్డు అందుకునేది), వాటిని అడ్డంగా మార్చి కలపాలని నీకు తెలుసు. ఆ పిన్నుల్ని లాప్‌టాప్‌కి కలిపే నీ యూఎస్‌బీ-టీటీఎల్ ముక్క మీద జంపర్ ఉంటే 3.3 వైపు పెట్టి, మల్టీమీటర్‌తో కొలిచి చూడు, దాని మీద అచ్చేసిన అంకె నమ్మకు. సీరియల్ స్పీడు సెకనుకి 38400 బిట్లు. అలవాటుకొద్దీ అందరూ 115200 పెడతారు, తెర మీద పిచ్చి అక్షరాలు చూసి బోర్డు పోయిందనుకుంటారు. పవర్ ఇస్తూనే ఎస్కేప్ నొక్కుతూ ఉంటే బూట్‌లోడర్‌లో, అంటే అసలు సాఫ్ట్‌వేర్‌ని లేపే చిన్న ప్రోగ్రాంలో, ఆగుతుంది. అక్కడ ఫ్లాష్‌లోంచి రెండు తాళాలు (రహస్య కీలు) చదివి, వాటితో రూట్ పాస్‌వర్డ్, అంటే పూర్తి అధికారమిచ్చే పాస్‌వర్డ్, లెక్కగట్టాలి. ఇక్కడిదాకా చదవడమే తప్ప రాయడం లేదు, కాబట్టి భయం లేదు.

అసలు భయం ఆ తర్వాతే. లాగిన్ అయిన వెంటనే, వేరే ఏ ఫైలూ ముట్టకముందు, ఫ్లాష్‌లోని పార్టిషన్లన్నీ (దాన్ని విడగొట్టిన భాగాలు) ఒక్కోటిగా లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకో. తర్వాత చేద్దాంలే అనుకోకు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మన షాపులో ఒక కుర్రాడు పనిచేసేవాడు, నువ్వు చూడలేదులే, వాడి చేతిలో పనితనం నాకంటే ఎక్కువ. ఒక హాస్టల్ వాళ్లు రౌటర్లు తెచ్చారు, అన్నీ ఒకే మోడల్, వాటిలో కంపెనీది తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసిమ్మన్నారు. మూడో దాంట్లో రాస్తుండగా కరెంటు పోయింది. పవర్ లైటు తప్ప ఇంకేమీ వెలగలేదు. బ్యాకప్ ఏదిరా అంటే లేదన్నాడు. వాడు ఖంగారు పడకుండా, పక్కనున్న మంచి రౌటర్ ఫ్లాష్ చిప్‌కి క్లిప్పు పెట్టి మొత్తం చదివి, అదంతా చచ్చినదాని చిప్‌లో రాసేశాడు. లైట్లన్నీ వెలిగాయి. టీ తెప్పించుకుని పండగ చేసుకున్నాడు, నేనూ భుజం తట్టాను.

మర్నాటి నుంచి హాస్టల్ యజమాని ఫోన్లే ఫోన్లు. నెట్ వస్తుంది, పోతుంది. కేబుళ్లు మార్చారు, స్విచ్ మార్చారు, పిల్లలు గొడవ. తీరా చూస్తే రెండు రౌటర్లకీ ఒకటే మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికీ విడిగా ఉండాల్సిన నంబరు. పాపం ఆ స్విచ్, ఒక క్షణం ఈ పోర్టు అనుకుంటుంది, మరుక్షణం ఆ పోర్టు అనుకుంటుంది. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద అసలు మ్యాక్ ఉంది కాబట్టి దాన్ని చూసి సరిచేశాడు. కానీ వైఫై రేడియో కొలతలు, ఫ్యాక్టరీలో ఒక్కో రౌటర్‌కి విడిగా సరిచూసి ఫ్లాష్‌లో రాసేవి, అవి ఏ స్టిక్కర్ మీదా ఉండవు. ఆ రౌటర్ సిగ్నల్ మళ్లీ మునుపటిలా రాలేదు. వాడు ఎవరి ముఖమూ చూడలేక రెండు పూటలు తిండి మానేశాడు. తల రాత లాంటివి తల్లీ అవి, పక్కోడివి తెచ్చి అతికిస్తే కుదరవు. నీ గేట్‌వే తాళాలూ అంతే, దానివి దానికే. ఎవరో ఇచ్చిన పూర్తి డంప్ (ఫ్లాష్ మొత్తం కాపీ) ఎక్కించకు. నీ కాపీ లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకో.

ఆ తర్వాత పెద్దగా ఏం లేదు. అందులో ముందే ఉన్న ట్యూయా కంపెనీ ప్రోగ్రాం మొదలవకుండా ఆపి, దాని స్థానంలో సీరియల్ గేట్‌వే ప్రోగ్రాం పెడితే, జిగ్‌బీ చిప్ నెట్‌వర్క్‌లో 8888 పోర్టు మీద హోమ్ అసిస్టెంట్‌కి, అదే ఇంటి పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, దొరుకుతుంది. ఆ పోర్టుకి పాస్‌వర్డ్ ఏమీ ఉండదు, రౌటర్‌లో దాన్ని బయటి ప్రపంచానికి తెరిచావంటే నేను ఊరుకోను. ఆ జిగ్‌బీ చిప్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) వేరే సంగతి, అదే రోజు దాన్ని కూడా అప్‌గ్రేడ్ చేద్దామని ఉబలాటపడకు. అది మధ్యలో ఆగితే జే1లో చివరి రెండు పిన్నులకి వైర్లు కట్టి ప్రోగ్రామర్ అనే పరికరంతో లేపాల్సి రావచ్చు, అది ఇంకో వారానికి పెట్టుకో. బల్బులు, వాల్వులు అన్నీ గేట్‌వేతో మళ్లీ పెయిర్ చేసుకోవాలి (జత కలపాలి), ఓపిగ్గా ఒక్కోటీ చెయ్యి. వీధి తలుపు తాళం ఉందన్నావట, దాన్ని మాత్రం అన్నిటికన్నా చివర కలుపు, మామూలు తాళంచెవి ఎప్పుడూ బ్యాగులోనే ఉంచుకో. గేట్‌వేని వైఫై రౌటర్‌కి ఆనించి పెట్టకు, రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అరుస్తాయి. కేబుల్‌తో కలిపేదే కదా, పొడుగు కేబుల్ కొని దూరంగా పెట్టు, దానికి పిసినారితనం వద్దు.

జే1 దగ్గర సోల్డర్ చేశాక, కరెంటు ఇవ్వకముందు దగ్గర నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. పక్కపక్క రంధ్రాలు కలిసిపోయాయేమో నేనూ చూస్తా. మీకు పొద్దున తొమ్మిదంటే ఇప్పుడు ఇక్కడ ఒంటిగంటన్నర, అన్నం తినే వేళే అనుకో, అయినా ఫోన్ పక్కనే పెట్టుకుంటా. మీ నాన్నకి నేను సర్దిచెబుతాలే.

మీ బాబాయ్