ఫార్మాట్ చేయించే ముందు, సమయం ఎక్కడ పోతోందో చూడండి

పరకాలలో మీ నాన్నగారి ఎరువుల దుకాణంలో ఉన్న డెస్క్‌టాప్ గురించి అడిగారు. 2016లో కొన్న ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున మీట నొక్కితే బిల్లు కొట్టడానికి పావుగంట పడుతోందని, అప్పుడప్పుడు ఎఫ్1 నొక్కమంటోందని, మెకానిక్ ఫార్మాట్ (డిస్క్‌ను చెరిపి విండోస్‌ను మళ్లీ వేయడం) తప్పదన్నాడని రాశారు. హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుతెరువు. నా మాట ఒక్కటే: ఇప్పుడే ఫార్మాట్ చేయించకండి. రైతుల ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయన్నారు. డిస్క్ పాడవుతూ ఉంటే ఫార్మాట్ వల్ల ఆలస్యం తగ్గదు, ఖాతాలు మాత్రం పోతాయి.

రేపు పొద్దున ఫోనులో గడియారం పెట్టుకుని చూడండి. మీట నొక్కాక విండోస్ గుర్తు కనిపించడానికి ఎంతసేపు, అక్కడి నుంచి డెస్క్‌టాప్ రావడానికి ఎంతసేపు, వచ్చాక ఒక ఫైలు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. జబ్బు ఎక్కడుందో సగం అక్కడే తెలుస్తుంది.

విండోస్ గుర్తు రాకముందే ఆలస్యమైతే అందులో విండోస్ తప్పేమీ లేదు. మీరు చెప్పిన ఎఫ్1 సంగతి చూస్తే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టుంది. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, బయోస్ (విండోస్ కంటే ముందు మొదలయ్యే మదర్‌బోర్డు ప్రోగ్రాం) తన సెట్టింగులు మరిచిపోతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. కొత్త బ్యాటరీ వంద రూపాయల లోపే దొరుకుతుంది. మార్చాక బయోస్‌లో తేదీ సరిచేసి, బూట్ వరుసలో (కంప్యూటర్ ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలో చెప్పే జాబితాలో) విండోస్ ఉన్న డిస్క్‌ను మొదట పెట్టండి. వెనుక పెన్‌డ్రైవ్ ఏదైనా ఉంటే తీసేయండి.

అసలు ఆలస్యం విండోస్ గుర్తు వచ్చిన తర్వాతే అయితే నాకు మొదటి అనుమానం హార్డ్ డిస్క్ మీదే. డెస్క్‌టాప్ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అందులో పర్ఫార్మెన్స్ కింద డిస్క్ చూడండి. గీత 100 శాతానికి అంటుకుని ఉండి, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలు దాటకపోతే దొంగ దొరికినట్టే. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి. హార్డ్ డిస్క్ లోపల ముల్లు ఒక్కో ముక్క దగ్గరికి జరిగి, పళ్లెం తిరిగి వచ్చేదాకా ఆగి చదవాలి. అలా సెకనుకు వంద ముక్కలు చదివితే గొప్ప. తిరిగే భాగమే లేని కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల ముక్కలు చదువుతుంది.

డిస్క్ ఆరోగ్యం కూడా చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడండి. పసుపు రంగులో హెచ్చరిక కనిపించినా, లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు వచ్చినా మరో పని పెట్టుకోవద్దు. డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దడం) వద్దు, రిపేరు ప్రయోగాలు వద్దు. ముందు ఖాతాల ఫోల్డరును వేరే డిస్క్‌లోకి ఎక్కించండి. ఏళ్ల తరబడి రాసిన బాకీల లెక్కలు ఇలా పోగొట్టుకున్న వ్యాపారుల ముఖాలు నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం రీస్టార్ట్ చేస్తేనే మొరాయిస్తే అది వేడి సమస్య. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కమీషన్ దుకాణంలో సీపీయూ డబ్బా విప్పితే ఫ్యాను కింద అల్యూమినియం రెక్కల మధ్య పత్తి నూగు చాప అల్లినట్టు పేరుకుపోయి ఉంది, దానికి మిర్చి దుమ్ము తోడైంది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీది ఎరువుల దుకాణం కాబట్టి డబ్బాను నేల మీద పెట్టకండి. మూతికి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, మెత్తటి బ్రష్షుతో దులపండి. ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి.

డెస్క్‌టాప్ వచ్చాక ఆలస్యమైతే టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ చూసి, రోజూ వాడనివాటిని డిసేబుల్ చేయండి. ప్రోగ్రాం పోదు, తనంతట తాను మొదలుకావడం మాత్రమే ఆగుతుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి.

మీ కంప్యూటర్‌కు నేనైతే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు తీసే క్లోనెజిల్లా ప్రోగ్రాంతో గానీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి గానీ విండోస్‌ను దాని మీదికి తెస్తాను. క్లోనెజిల్లా మాత్రం చిన్న డిస్క్‌లోకి నేరుగా ఎక్కించదు, ముందు పాత డిస్క్‌లోని పార్టిషన్లు (సీ, డీ లాంటి భాగాలు) కుదించాలి. ఖాతాలు సరిగా తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకునేదాకా పాత డిస్క్‌ను చెరపవద్దు. ర్యామ్ 8 జీబీ చేస్తే ఇంకా హాయి. కాకపోతే ఆ కాలపు బోర్డుల్లో డీడీఆర్3, డీడీఆర్4 రెండూ వచ్చాయి, కాబట్టి పాత ర్యామ్ ముక్కను చేతిలో పట్టుకునే కొనడానికి వెళ్లండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, 2016 నాటి ఐ3ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అందుకని దీన్ని బిల్లులకు, ఖాతాలకు ఉంచుకుని, బ్యాంకు పనులు వేరే పరికరంలో చేసుకోమని నాన్నగారికి చెప్పండి. ముందు ఆ మూడు సమయాలు రాసి పెట్టండి, చూసి చెబుతాను.