మత్తిస్తే ఆత్మ ఎటు పోయినట్టు?

ప్రశ్న: మా నాన్నకు ఆపరేషన్‌కి మత్తిస్తే, లేచాక ఆ రెండు గంటలూ అసలు లేనట్టే ఉందన్నారు. మనసంటే మెదడేనా, ఆత్మా గీత్మా ఏం లేవా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇది మన చార్వాకులు (ఆత్మ లేదన్న ప్రాచీన భారత తత్వవేత్తలు) ఎప్పుడో తేల్చేశామనుకున్న సంగతండీ. తమలపాకు, వక్క, సున్నం విడివిడిగా చూస్తే దేంట్లోనూ ఆ ఎరుపుండదు, కలిపి నమిలితే నోరు పండుతుంది, అలాగే భూమి, నీరు, నిప్పు, గాలి దేహంగా కలిస్తే చైతన్యం పుడుతుందని వాళ్ల వాదన. (ఆకాశం కంటికి కనపడదు కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, గట్టివాళ్లే!) మెదడు దెబ్బతింటే మనిషే మారిపోతాడనడానికి ఉదాహరణ కూడా ఉంది. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైలుమార్గం మేస్త్రీ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. మనిషి బతికాడు గానీ స్వభావమే మారిపోయిందని వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశాడు.

అందుకే నేనూ భౌతికవాదం (మనసుతో సహా అంతా పదార్థమేననే వాదం) వైపే మొగ్గుతాను. కానీ ఒక చిక్కుంది. నోట్లో ఎరుపు ఎలా వచ్చిందో కెమిస్ట్రీ చెబుతుంది, ఆ ఎరుపుని చూస్తున్నప్పుడు లోపల కలిగే అనుభవం అసలెందుకుందో మాత్రం న్యూరాన్ల లెక్కంతా అప్పజెప్పినా తెలియడం లేదు. 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త దీన్నే కఠిన సమస్య అన్నాడు. మత్తుమందు వల్ల తేలేది మెదడు పని చేయకపోతే స్పృహ ఉండదనే. రెండూ ఒకటేనని అనాలంటే ఇంకా రుజువు కావాలి.