స్కూల్లో ఇన్‌హేలర్ ఉంచనివ్వడం లేదు, ఏం చేయాలి? మా అనుభవం చెప్తాను

గాజువాక నుంచి ఒక అమ్మ అడిగారు. బాబు రెండో తరగతి, ఉబ్బసం ఉంది. స్కూలు వాళ్ళేమో "మందులు మా బాధ్యత కాదు, బ్యాగులో పెట్టొద్దు" అంటున్నారట. ఇలాంటి పిల్లల కోసం వైజాగ్ బడుల్లో ఏదైనా ప్రోగ్రాం ఉందా అని ఆవిడ ప్రశ్న.

మేడం, ఎవరో వచ్చి బడిలో అన్నీ చూసుకునే ప్రోగ్రాం మాకైతే దొరకలేదు. ప్రభుత్వం తరఫున రెండు ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తుంది. వాళ్ళు చూడాల్సిన జబ్బుల జాబితాలో ఆస్తమా లాంటి శ్వాస ఇబ్బంది కూడా ఉంది. ఇక 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన స్కూల్ హెల్త్ కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇచ్చి ఆరోగ్య పాఠాలు చెప్పిస్తారు. రెండూ మంచివే. కానీ పదకొండున్నరకి మీ బాబుకి ఆయాసం వస్తే ఇన్‌హేలర్ పంపు ఎవరు తీస్తారు? అది మనం ఏర్పాటు చేసుకోవాల్సిందే.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక డిసెంబరులో ఆటల పోటీలకి ప్రాక్టీసు జరుగుతోంది. అప్పుడు మేము జ్ఞానాపురంలో ఉండేవాళ్ళం. డాబా మీద తెల్ల బట్ట ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి రాలి ఉండేది. చలికాలం వచ్చిందంటే పాపకి రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఆ రోజు మైదానంలో రెండు రౌండ్లు పరుగెత్తి కూర్చుండిపోయింది. ఇన్‌హేలర్ స్కూల్లోనే ఉంది, నేనే ఇచ్చాను. అయితే అది ఆఫీసు బీరువాలో ఉంది, తాళం క్లర్కు దగ్గర ఉంది, ఆ క్లర్కేమో బ్యాంకుకి వెళ్ళాడు. నాకు ఫోన్ చేశారు. నా షాపు డాబాగార్డెన్స్‌లో, స్కూలు మర్రిపాలెం వైపు. కంచరపాలెం ట్రాఫిక్‌లో స్కూటర్ మీద అరగంట పట్టింది. వెళ్ళేసరికి పాపని బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ పదిమంది నిలబడి విసురుతున్నారు. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగురుతున్నాయి. దేవుడి దయ, బయటపడింది. ఆ స్కూలు పేరు చెప్పను, వాళ్ళని తిట్టడానికీ రాయడం లేదు. వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు.

ఆ తర్వాత ప్రిన్సిపాల్ గారితో గొడవకి దిగాను. ఏమీ లాభం లేదు. ఆవిడ భయం ఒక్కటే: "మేం మందు వేశాక ఏదైనా అయితే?" అందుకని రెండోసారి వెళ్ళినప్పుడు రెండు కాగితాలు పట్టుకెళ్ళాను. ఒకటి, మేమిద్దరం సంతకం పెట్టిన అనుమతి పత్రం. రెండోది, మా పిల్లల డాక్టర్ గారితో తెలుగులో రాయించిన ఒక పేజీ. అందులో ఏముందంటే: పాపని నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టొద్దు. నీలం పంపు (ఆయాసం వచ్చినప్పుడు వాడేది) ఊపి, స్పేసర్‌కి, అంటే పంపుకి తగిలించే గొట్టం లాంటి డబ్బాకి, పెట్టి ఒకసారి నొక్కాలి, పాప అందులోంచి నాలుగైదు సార్లు ఊపిరి తీసుకోవాలి. అలా నాలుగు పఫ్‌లు, ఒక్కొక్కటిగా. నాలుగు నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్ళీ నాలుగు. అప్పటికీ తగ్గకపోయినా, మాట పూర్తిగా రాకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి, నా కోసం ఆగొద్దు. ఇది మా పాపకి రాసింది. మీ బాబుకి ఎన్ని పఫ్‌లో మీ డాక్టర్ రాయాలి.

ఆ పేజీలో చివర ఒక వాక్యం నేను అడిగి మరీ రాయించాను: "మందు వేశాక చేతులు కాస్త వణకవచ్చు, గుండె దడగా ఉండవచ్చు, కంగారు పడొద్దు." నీలం పంపులో ఉండే మందు సాల్బుటమాల్, దానికి అది మామూలే. ముందే చెప్పకపోతే టీచర్ భయపడి రెండోసారి వేయరు. ఇంకో మాట కూడా వాళ్ళకి నోటితో చెప్పాను. పిల్లికూతలు ఆగిపోయాయి కదా అని సంబరపడకూడదు. పిల్ల ఇంకా ఎగఊపిరితోనే ఉండి శబ్దం మాత్రం ఆగిందంటే గాలి లోపలికి పోవడం లేదని, అది ఇంకా ప్రమాదం.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం ఆ కాగితం కాదు, ఆయమ్మ. ప్రిన్సిపాల్ ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు, క్లాసులో టీచర్ పీరియడ్‌కి ఒకరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ వరండాలో ఉండేది ఆయమ్మ ఒక్కతే. ఖాళీ అయిన పాత పంపు, స్పేసర్ పట్టుకెళ్ళి ఆవిడ చేత, పీఈటీ సార్ చేత, బస్సులో హెల్పర్ కుర్రాడి చేత తలా మూడుసార్లు చేయించాను. చూపించడం కాదండీ, చేయించాలి. పీఈటీ సార్ మొదటిసారి ఊపకుండానే నొక్కేశారు. ఆయమ్మకి చదువు రాదు గానీ ఒక్కసారికే పట్టేసింది. పంపు బీరువాలోంచి క్లాసులో అందే షెల్ఫు మీదికి వచ్చింది, తాళం లేని డబ్బాలో.

స్పేసర్ తప్పనిసరిగా ఇవ్వండి. చిన్నపిల్లలు పంపు నేరుగా నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే అంటుకుంటుంది.

ఆ డబ్బాలో ఒక పది రూపాయల నోట్‌బుక్ కూడా పెట్టాను. పంపు వాడిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడేం చేస్తోందో రాయమన్నాను. పెద్దగా ఆశ లేకుండా పెట్టిన పుస్తకం అది. రెండు నెలలకి తీసి చూస్తే వారానికి మూడు నాలుగు సార్లు పంపు పడింది! సగం పీటీ రోజుల్లో, మిగతావి పొద్దున మొదటి పీరియడ్‌లో. పొద్దున ఎందుకంటే, పిల్లలు వచ్చాక గది పొడిగా ఊడ్చేవారు, పాప బ్లాక్‌బోర్డు కింద మొదటి బెంచీలో కూర్చునేది. నీలం పంపు వారానికి రెండుసార్లకు మించి అవసరమైతే ఉబ్బసం అదుపులో లేనట్టేనని డాక్టర్ గారు ఆ పుస్తకం చూసే చెప్పారు, రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ గురించి గట్టిగా అడిగారు. నిజం చెప్పాలంటే, "అలవాటైపోతుంది" అని ఇంట్లో దాన్ని మధ్యమధ్యలో ఆపేసేవాళ్ళం. ఆపడం మానేశాం, అది వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించడం అలవాటు చేశాం. స్కూల్లో పాపని మూడో బెంచీకి మార్చారు, ఆయమ్మ సాయంత్రం తడిగుడ్డ పెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పుస్తకంలో పేజీలు ఖాళీగా ఉండటం మొదలైంది.

(మా అత్తగారు మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి చేప మందు వేయించారు. దాచడం ఎందుకు? కానీ పంపు మాత్రం నేను ఆపనివ్వలేదు.)

వేరే దేశాల్లో దీన్ని పద్ధతిగా చేస్తారు. ఇంగ్లండ్‌లో 2014 అక్టోబరు నుంచి బడులు ఏ పిల్లవాడి పేరూ లేకుండానే అత్యవసరానికి ఒక సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కొని ఉంచుకోవచ్చు. అమెరికాలో 8 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి బడిలోనే ఆరు పాఠాలుగా ఉబ్బసం సంగతి నేర్పే కార్యక్రమం ఉంది, ఒక్కో పాఠం నలభై నిమిషాలు. అది చదివి నాకొక ఆలోచన వచ్చింది. ఆయాసం వస్తే ఊపిరి ఎలా ఉంటుందో తెలియాలని, టీచర్ని అడిగి క్లాసులో పిల్లలందరికీ కూల్‌డ్రింక్ స్ట్రాలు పంచి, ముక్కు మూసుకుని దానిలోంచి కాసేపు ఊపిరి తీయమన్నాం. మా పాపకి మాత్రం ఇవ్వలేదు, ఉబ్బసం ఉన్నవాళ్ళతో ఆ ఆట వద్దు. పది సెకన్లకే అందరూ స్ట్రాలు తీసేసి నవ్వారు. ఆ రోజు నుంచి పాపని "పంపు పిల్ల" అని ఏడిపించడం తగ్గింది. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో ముగ్గురు నా దగ్గరికి నెమ్మదిగా వచ్చి తమ పిల్లలకీ ఉందని చెప్పారు. ఒకావిడైతే "ఆడపిల్ల కదండీ, రేపు సంబంధాలప్పుడు..." అని ఆగిపోయింది. ఆ నలుగురం కలిసి అడిగాకే స్కూలు నిజంగా కదిలింది.

అందుకే మీరూ ఒంటరిగా వెళ్ళకండి. మీ బాబు క్లాసులో కాకపోయినా ఆ బడిలో ఇంకో ఇద్దరైనా ఉంటారు, బస్సు దగ్గర వాకబు చేయండి. ప్రిన్సిపాల్ దగ్గరికి అనుమతి పత్రం, డాక్టర్ కాగితం రెండూ పట్టుకెళ్ళండి. పంపు మీద ఎక్స్‌పైరీ తేదీ, ఇంకా ఎన్ని డోసులు ఉన్నాయో చూసి ఇవ్వండి. జూన్‌లో క్లాసు మారితే మనుషులూ మారతారు, మళ్ళీ మొదటినుంచి నేర్పాలి.

మా పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఈసారి కొత్త పీఈటీ సార్‌కి పంపు ఎలా వాడాలో తనే చూపిస్తానంది, నన్ను గేటు దగ్గరే ఉండమంది.