క్లచ్ అందడం లేదన్నావు కదా

చిన్నీ,

క్లచ్ లివర్ వేళ్ల కొసలకే అందుతోందనీ, కాసేపు ట్రాఫిక్‌లో తిరిగితే ఎడమ చెయ్యి పీకేస్తోందనీ రాశావు. కొత్త లివర్ కొనేస్తానన్నావు. కొనొద్దనను గానీ, ముందు ఖర్చు లేని పనులు చూడు. అందకపోవడం వేరు, బరువుగా ఉండడం వేరు. నీకు రెండూ ఉన్నట్టున్నాయి.

బండి మీద మామూలుగా కూర్చుని వేళ్లు చాపి లివర్ మీద పెట్టు. మోచేతి నుంచి వేళ్ల దాకా తిన్నగా ఉండాలి. మణికట్టు వెనక్కి వంగితే లివర్ ఎత్తుగా ఉన్నట్టే. దాన్ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే బోల్టులు కాస్త వదులు చేసి కిందికి తిప్పు. స్విచ్‌లు అడ్డు రాకపోతే, అక్కడే కొంచెం లోపలికి, అంటే హ్యాండిల్ మధ్యవైపుకు కూడా జరుపు. అప్పుడు వేళ్లు లివర్ చివరన పడతాయి. తలుపును కీలు దగ్గర తోస్తే ఒక బలం, అంచు దగ్గర తోస్తే ఒక బలం, ఇదీ అంతే. తర్వాత అద్దం మళ్లీ సర్దుకోవడం మర్చిపోకు.

ఇక ప్లే సంగతి, అంటే లివర్ లాగడం మొదలెట్టాక కేబుల్ బిగుసుకునేదాకా ఉండే వదులు. చాలా బండ్లకు లివర్ కొన దగ్గర 10 నుంచి 20 మి.మీ. ఉండాలంటారు, నీ బండి మాన్యువల్‌లో ఉన్నదే లెక్క. ఆ హద్దులో ప్లే కాస్త పెంచితే క్లచ్ హ్యాండిల్‌కు దగ్గరగా వచ్చాక పట్టుకుంటుంది, చిన్న చేతులకు అదే సుఖం. కుర్రతనంలో నేను హద్దు దాటి వదులు చేశాను. క్లచ్ పూర్తిగా విడవక, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక, వెనకవాళ్ల హారన్లన్నీ విన్నాను. అలాగని అసలు ప్లే లేకుండా బిగించినా ముప్పే, క్లచ్ లోపలి ప్లేట్లు జారి కాలిపోతాయి.

బరువుకు మాత్రం ఎక్కువసార్లు దోషి కేబులే. పై కొస విప్పి, లోపలి తీగను చేత్తో లాగి చూడు. పట్టుకుంటూ వస్తే ఎండిపోయిందన్నమాట, లేదా ఎక్కడో గట్టిగా మడత పడింది. పల్చటి ఆయిల్ కింది కొస నుంచి కారేదాకా పొయ్యి. కొన్ని కేబుళ్లకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఆయిల్ వద్దని మాన్యువల్ చెబితే వద్దు. ఒక్క పోగు తెగి కనిపించినా మార్చెయ్. లివర్ తిరిగే బోల్టుకు చిటికెడు గ్రీజు.

ఇంతా చేసి అందకపోతే, దూరం మార్చుకునే అడ్జస్టబుల్ లివర్ కొను. అది లివర్‌ను దగ్గర చేస్తుందే గానీ బరువు తగ్గించదు. రెండు వేళ్ల పొట్టి లివర్లు చూడ్డానికి బాగుంటాయి, లాగడానికి ఇంకా బరువు. ఉన్న లివర్‌ను వేడి చేసి వంచుతామనేవాళ్ల మాట వినకు, అది పోత అల్యూమినియం, విరిగిపోతుంది.

అన్నీ ఒకేసారి మార్చకు, ఏది పనిచేసిందో తెలియదు. కేబుల్ విప్పాక ఎలా ఉందో రాయి.

మీ మామయ్య