ముందు వచ్చినా అనుబంధమేనా?

సందేహం: మేం నల్లగొండలో నలుగురం మిత్రులం. స్టార్ వార్స్ సినిమాలంటే మాకు ప్రాణం. ఆ సినిమాల లోకంలోనే నడిచే కొత్త కథలు, కొత్త సినిమా కంటే ముందే, త్వరలో నవలలుగా వస్తున్నాయని తెలిసి, గోడపత్రికలో ‘రాబోయే అనుబంధ నవలలకై ఎదురుచూస్తున్నాం, ఎన్నో అంచనాలు పెట్టుకున్నాం’ అని రాశాం. ఒక పెద్దాయన చూసి, ‘అను’ అంటే వెనుక కదా, సినిమా కంటే ముందు వచ్చే నవల అనుబంధం ఎలా అవుతుంది, ‘వెండితెర నవల’ అనండి అన్నారు. ఏది సరి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: పెద్దాయన శంకలో బలం ఉంది. అనుచరుడు వెంట నడిచేవాడు, అనుజుడు తరవాత పుట్టినవాడు. అయితే ‘అనుబంధం’ సంగతి వేరు. ఈ మాటను పారిభాషిక పదంగా వాడుకున్నది వ్యాకరణమే కాబట్టి అక్కడే చూద్దాం.

‘నహి నహి రక్షతి డుకృఞ్ కరణే’ అన్న భజగోవింద చరణం మనవాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. ఆ ‘డుకృఞ్’లో అసలు ధాతువు ‘కృ’ ఒక్కటే, చేయడం అని దాని అర్థం. ముందున్న ‘డు’, వెనుకనున్న ‘ఞ్’ రెండింటినీ వైయాకరణులు అనుబంధాలనే అన్నారు. అవి ప్రయోగంలో కనబడవు కానీ ఊరికే అతికినవీ కావు. ‘ఞ్’ ఉండబట్టే కరోతి, కురుతే అని రెండు తీరుల రూపాలు వచ్చాయి. ‘డు’ ఉండబట్టే ‘కృత్రిమం’ అనే మాట పుట్టింది. మీ సినిమాల్లోని మరమనుషులను కృత్రిమం అనగలుగుతున్నామంటే ఆ ముందున్న అక్షరం చలవే. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.

కాబట్టి అసలుకు ముందు చేరినా, వెనుక చేరినా అనుబంధమే. స్టార్ వార్స్‌లో రెండు రకాలూ ఉన్నాయి. 1983లో మూడో సినిమాతో తెర మీది కథ ఆగింది. ఆ ముగింపు తరవాత ఐదేళ్లకు జరిగిన సంగతులతో 1991లో ఒక నవలాత్రయం మొదలైంది. అది ‘ఞ్’ వంటిది. 2015 డిసెంబరులో కొత్త సినిమా రావడానికి ముందే, సెప్టెంబరులో, పాత సినిమాకూ దానికీ నడుమ జరిగిన కథ నవలగా వచ్చింది. అది ‘డు’ వంటిది. మీ మాట మార్చనక్కరలేదు.

‘వెండితెర నవల’ మాత్రం ఇక్కడ కుదరదు. అది తెలుగువారు సొంతంగా పెంచుకున్న ప్రక్రియ. ముళ్లపూడి వెంకటరమణ వంటివారు కలం పట్టినది. తెర మీది కథనే చదువుకునే వచనంగా చెప్పడం దాని పని. మా ఇంట్లో అట్ట ఊడిపోయిన వెండితెర నవల ఒకటి ఉండేది. సినిమా చూడని మా అమ్మ దాన్ని చదివే ఆ సినిమా కథంతా మాకు చెప్పేది. మొదటి స్టార్ వార్స్ సినిమా 1977 మేలో విడుదలైతే, అదే కథ 1976లోనే నవలగా అచ్చయింది. దాన్ని వెండితెర నవల అనండి. కొత్త కథ అయితే అనుబంధ నవల అనండి. రెండూ మనకు కావలసిన మాటలే, ఒకదాని చోట ఇంకొకటి వాడితే తేడా చెరిగిపోతుంది.

ఇక ‘అంచనాలు పెట్టుకున్నాం’ నాకు నచ్చలేదు. అంచనా వేస్తాం, ఆశ పెట్టుకుంటాం. మీ జిల్లాలో బత్తాయి తోట బేరానికి వచ్చినవాడు చెట్టు చుట్టూ తిరుగుతాడు, ఒక కాయను అరచేతిలో పెట్టి బరువు చూస్తాడు, ఇన్ని టన్నులు దిగుతుందని చెబుతాడు. అంచనా అంటే అదీ. అచ్చు కాని నవలను ఏ అరచేతిలో తూచగలం? సినిమా వార్తల్లో ‘భారీ అంచనాలు’ పాతుకుపోయింది, నిజమే. మీరు మనసులో ఉన్నది చెప్పదలచారు కనుక ‘ఆశలు’ అనండి.

‘ఎదురుచూస్తున్నాం’ చక్కని మాట. తెలుగులో నిరీక్షణ కళ్లతో చేసే పని. సంస్కృతంలో నిరీక్షణమంటే చూడడం, వేచి ఉండడానికి ప్రతీక్ష అనే మాట వేరే ఉంది. మనం ఆ చూపునే తెచ్చుకుని వేచి ఉండడంగా మార్చుకున్నాం. దేవరకొండలో మా అమ్మమ్మ, బిడ్డలు వచ్చే రోజున గడప దగ్గర కూర్చుని, ఎండకు కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు వచ్చే వైపే చూసేది. దాన్ని ‘తొవ్వ చూడడం’ అనేది. తొవ్వ అంటే దారి. మీ గోడపత్రికలో ఆ మాట రాసినా నేను సంతోషిస్తాను.

‘నవలలకై’ తప్పు కాదు, కొంచెం పద్యవాసన ఉంది. ‘నవలల కోసం’ అంటే సాఫీగా ఉంటుంది. ‘రాబోయే’, ‘రానున్న’ రెండూ సరైన రూపాలే. విడుదల తేదీ ఖరారైతే నేను ‘రానున్న’ అని రాస్తాను.